పిండిలో ఎఱ్ఱపురుగు

సిద్దిపేటలో ఏ యింటనైనను, వానకాలపు రోజులలో గోధుమపిండి డబ్బా మూత తీసి, పిండిని జల్లెడలో పోసి ఆడించినచో, పొట్టుతో పాటు ఎఱ్ఱని పురుగులు నాలుగైదు మిగులుట కద్దు. ఇంటివారు "పురుగు పట్టినది" అని ఒక్క మాట అని, వానిని పెరటిలో దులిపివేయుదురు. ఏ పురుగు పట్టినదని అడుగువారు అరుదు. ఈ ప్రసంగమున మేము అడుగదలచినది ఆ ప్రశ్ననే. పురుగు పేరు సరిగా తెలిసినచో అది ఎందుకు వచ్చినదో, దానికేమి చేయవలెనో సగము తెలిసినట్లే. తెలియకున్నచో, జల్లెడతోను ఎండతోను పోవలసిన దానికి మనుష్యుల ప్రాణములు తీయు మందు పెట్టుకొనుట సంభవించుచున్నది. ఆ సంగతి ముందు చెప్పుదుము. మొదట పురుగును చూతము.

మన ప్రాంతమున దీనిని కొందరు లక్కపురుగందురు, కొందరు ఎఱ్ఱపురుగందురు, కొందరు పిండిపురుగందురు. చిక్కేమనగా, లక్కపురుగను పేరే బియ్యములోని ముక్కుపురుగునకును పెట్టుదురు. ఒక పేరు పలువురికి చెల్లినప్పుడు, ఒకదానికి చెప్పిన చిట్కా అన్నిటికిని చేయుట సహజము. కందిపప్పునకు ఆముదము పట్టించినట్లు గోధుమపిండికి పట్టింపలేము గదా! బియ్యములో బోరిక్ పొడి కలిపినవారు వండుటకు ముందు కడుగుకొనెదమని ధైర్యము చెప్పుకొందురు. మాకు ఆ పద్ధతియే నచ్చదు. పిండి విషయములో ఆ ధైర్యమునకు కూడ తావు లేదు, పిండిని కడుగలేము.

ఖర్చు లేని పరీక్ష ఒకటి కలదు. పొడిగా, నున్నగా తుడిచిన గాజుగ్లాసులో పురుగులను వదలుడు. ముక్కుపురుగు అయినచో కొంతసేపటికి గాజుగోడ పట్టుకొని పైకి ప్రాకి వచ్చును. పిండిపురుగు ఎక్కజూచి, జారి, మరల అడుగుననే పడుచుండును. నున్నని గాజుమీద దాని కాళ్ళకు పట్టు చిక్కదు. గ్లాసుగోడకు పిండి అంటియున్నచో పరీక్ష చెడును. జారిన ప్రతి పురుగును పిండిపురుగే యనుకొనరాదు సుమా. వడ్లలోని నుసిపురుగునకు కూడ గాజు ఎక్కు నేర్పు లేదు.

అందుచేత రూపము చూడవలెను. ముక్కుపురుగునకు ఏనుగు తొండమువలె ముందుకు సాగిన మూతి యుండును. దానిని ఒకమారు చూచినవారు మరల పొరబడరు. నుసిపురుగు చిన్న గొట్టమువలె ఉండును; తల మెడక్రింద దాగి పైనుండి కనబడదు. రవ్వలో కనబడు రంపపుపురుగు బహు సన్నము, మెడకు ఇరుప్రక్కల ఆరేసి పండ్లుండును. పసుపును, మిరపపొడిని పాడుచేయు పురుగునకు వీపు గూను, తల క్రిందికి వంగియుండును. ఇవేవియు కాక, పొడవు 3 లేక 4 మిల్లీమీటర్లు, ప్రక్కలు ఇంచుమించు సమముగా సాగి, వీపు కొంచెము చదునై, కాల్చిన ఇటుక రంగున ఉండి, తల చక్కగా ముందుకు కనబడుచున్నచో అది పిండిపురుగు. పిండిలో సన్నని దారములు అల్లుకొని ఉండలు కట్టియున్నచో అది పెంకుపురుగుల పనియే కాదు. చిన్న రెక్కలపురుగు పిల్లలు చేసిన పని.

జంతుశాస్త్రజ్ఞులు పిండిపురుగును టెనెబ్రియోనిడే అను కుటుంబమున చేర్చిరి. లాటిను భాషలో ఆ పేరునకు మూలమైన మాటకు చీకటిని కోరువాడని అర్థము. ఈ కుటుంబమున 20,000కు పైగా జాతులు గలవు. దాదాపు అన్నిటికిని సామాన్యమైన గురుతు పాదములలో ఉన్నది: ముందుకాళ్ళకు, నడిమికాళ్ళకు పాదమున అయిదేసి కణుపులు, వెనుకకాళ్ళకు నాలుగే. మీసములు పుట్టుచోటు తలయంచు క్రింద దాగియుండును. మన చేలలో మట్టిపెల్ల తిరుగవేసినచో దాని క్రింద మట్టిరంగు పురుగు, వీపున దుమ్ము అంటుకొనినది, కదలక పడియుండుట చూచియుందురు. గొనొసెఫాలం అను ఆ పురుగు మన పిండిపురుగునకు దాయాది. కేరళలో రబ్బరుతోటల ఎండుటాకులలో పెరిగి, వేసవి వానలు మొదలగుటతోడనే లక్షలుగా ఇండ్లలో జొరబడు లూప్రాప్స్ ట్రిస్టిస్ మరొక దాయాది.

దాయాదులలో మాకు మిక్కిలి ముచ్చటైనవి ఉత్తర అమెరికా పశ్చిమభాగపు ఎడారులలోని ఎలియోడీస్ అను నల్లని పురుగులు. శత్రువు పైకి వచ్చినప్పుడు ఇవి తల నేలకానించి, వెనుకభాగము నింగికెత్తి, శీర్షాసనము వేసినట్లు నిలిచి, ఘాటైన ద్రవము విడుచును. అచ్చటి ఒక జాతి చిట్టెలుక ఈ విద్యకు విరుగుడు కనిపెట్టినది: పురుగును పట్టి, దాని వెనుకభాగమును ఇసుకలోనికి గ్రుచ్చి, తలవైపునుండి తినివేయును! ఆ ద్రవములోని క్వినోనులను రసాయనముల వంటివే మన పిండిపురుగు గ్రంథులలోను ఊరును. పురుగు బలిసిన పిండికి ముక్కునంటు వాసన పుట్టుటకును, తెల్లని మైదా లేత గులాబిరంగు తిరుగుటకును అదియే కారణము. పెద్దవయసు ఇల్లాండ్రు డబ్బా మూత తీసి వాసన చూచి "ఇది పనికిరాదు" అని ప్రక్కకు నెట్టుట పలువురు ఎరిగినదే. వారు చేయునది సరియైన రసాయన పరీక్షయే.

ఇక పిండిపురుగులలోనే రెండు జాతులు కవలపిల్లలవలె ఉండును. రెండును ట్రైబోలియం అను ప్రజాతిలోనివే. ఎఱ్ఱ పిండిపురుగునకు ట్రైబోలియం కాస్టేనియం అని పేరు. 1797లో హెర్బ్‌స్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. రెండవదానికి ట్రైబోలియం కన్ఫ్యూసం అని పేరు. తోటి జాతులతో తారుమారగుచు వచ్చుటచేతనే దానికి ఆ పేరు కలిగినది. మనము దానిని తికమకపురుగందము. తన తికమకను పేరులోనే ఒప్పుకొనిన శాస్త్రమును మెచ్చుకొనవలెను.

రెంటిని వేరుచేయుటకు పదిరెట్లు పెద్దదిచేసి చూపు భూతద్దము చాలును. బ్రతికిన పురుగు నిలువదు, కాగితమంతయు పరుగెత్తును. చిన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో కొన్ని నిమిషములుంచినచో చలికి మందగించును. అప్పుడు తెల్లకాగితముపై పెట్టి మొదట మీసము చూడవలెను. మీసమునకు పదునొకండు కణుపులు. ఎఱ్ఱపురుగునకు చివరి మూడు కణుపులు ఒక్కసారిగా లావై, భీముని చేతి గదవలె ఉండును. తికమకపురుగునకు కణుపులు కొనవైపునకు క్రమక్రమముగా లావగును. గద ఎచ్చట మొదలైనదో చెప్పుట కష్టము. తరువాత పురుగును వెల్లకిల త్రిప్పి తల అడుగుభాగము చూడవలెను. రెండు కన్నులకు నడుమనున్న జాగా ఎఱ్ఱపురుగులో ఇంచుమించు ఒక కన్ను వెడల్పు; తికమకపురుగులో దానికి మూడింతలు. ఇవి గాక నడవడిలోను భేదము కలదు. ఎఱ్ఱపురుగు వెచ్చని వేళలలో ఎగురును. రెండవదానికి రెక్కలున్నను ఎగురదు. రంగును మాత్రము నమ్మరాదు. అప్పుడే వెలువడిన పురుగు లేతరంగున ఉండును, నాళ్ళు గడచినది ముదురు గోధుమరంగు పొందును.

సిద్దిపేటలోని ఒక యింటి పిండినుండి తీసిన డజను పురుగులను మేము ఈ విధముగా చూచితిమి. అద్దము కుదురుగా నిలుపుటకు పట్టిన కాలమే ఎక్కువ, గురుతు చూచుటకు పట్టినది తక్కువ. ఆ యింటి చిన్నపిల్ల మా కంటె ముందుగా "గద ఉన్నది" అని కేకవేసెను. పండ్రెండును ఎఱ్ఱపురుగులే.

అది ఆశ్చర్యము కాదు. ఎఱ్ఱపురుగు వేడిదేశముల పురుగు. 32 నుండి 35 డిగ్రీల వేడిమి దానికి హాయి. తికమకపురుగు చల్లని దేశములలో హెచ్చు. షికాగో విశ్వవిద్యాలయమున థామస్ పార్క్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెంటిని ఒకే పిండిలో కలిపి ఏండ్లతరబడి పెంచి, ఏది నిలుచునో ఏది నశించునో చూచెను. 1954లో ఆయన ప్రకటించిన ఫలితములనుబట్టి 34 డిగ్రీల వేడిమి, గాలిలో 70 శాతము తేమ ఉన్నప్పుడు ప్రతిమారు ఎఱ్ఱపురుగే మిగిలెను. 24 డిగ్రీలు, 30 శాతము తేమ ఉన్నప్పుడు ప్రతిమారు తికమకపురుగే మిగిలెను. నడిమి స్థితులలో గెలుపు ఒకమారు దీనిది, ఒకమారు దానిది. అంతకుముందు 1948లో ప్రకటించినది మరియు వింత. అడెలినా అను కంటికి కనబడని పరాన్నజీవి సోకిన 74 పాత్రలలో 66 పాత్రలందు తికమకపురుగు నిలిచెను. అది సోకని 18 పాత్రలలో 12 పాత్రలందు ఎఱ్ఱపురుగు నిలిచెను. ఈ లెక్కలన్నిటికిని ఆధారము చిన్న మీసపు కొనయే గదా! పోరులో నిలిచినదెవరో చెప్పవలెనన్నచో ముందు ఎవరు ఎవరో తెలియవలెను.

పేరు తప్పుట మన యింటి జల్లెడలోనే కాక పండితుల పెట్టెలలోను జరిగినది. ఉత్తర అమెరికాలో నల్లని పిండిపురుగు ఒకటి కలదు. ఐరోపాలో ట్రైబోలియం మాడెన్స్ అను నల్లపురుగు ముందే తెలిసియుండుటచేత, అమెరికాలోనిదియు అదేయని చాలకాలము వ్రాసికొనిరి. 1969లో హాల్‌స్టెడ్ అను శాస్త్రజ్ఞుడు రెండు ఖండముల పురుగులను పోల్చి, అమెరికాది వేరుజాతియని తేల్చి, ట్రైబోలియం ఆడాక్స్ అని పేరు పెట్టెను. అంతవరకు అమెరికావారు మాడెన్స్ పేరిట వ్రాసిన సంగతులను మరల సరిచూచుకొనవలసివచ్చినది.

మన ఎఱ్ఱపురుగు మాత్రము ఈ దిక్కుదే. ఇండియా మొదలు ఆస్ట్రేలియా వరకుగల ప్రాంతము దాని పుట్టిల్లని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ధాన్యపు ఓడలెక్కి లోకమంతయు తిరిగినది. 2008లో దాని జన్యువుల సమగ్రపటము ప్రచురింపబడెను. పెంకుపురుగులన్నిటిలో ఆ గౌరవము మొదట పొందినది ఇదియే. మన డబ్బాలో తిరుగునది అంత ఘనమైన పురుగు!

ఇప్పుడు ఇంటికి వత్తము. పిండిపురుగునకు గట్టి గింజను తొలుచు శక్తి లేదు. ముక్కుపురుగు గింజకు రంధ్రముచేసి అందులో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల గింజలోపలనే పెరుగును. నుసిపురుగు గింజను నుసి చేయును. పిండిపురుగు వాని వెనుక వచ్చునది. విరిగిన నూక, తవుడు, నుసి, పిండి, ఇవియే దాని తిండి. వరియు మక్కజొన్నయు విరివిగా పండు ఈ జిల్లాలో, గరిసెలోగాని బస్తాలోగాని పిండిపురుగులు గుంపులుగా కనబడినచో, ఆ గింజలు యంత్రములో దెబ్బతిని విరిగినవనియో, సరిగా ఆరనివనియో, వానిలో ముందే మరొక పురుగు చేరినదనియో గ్రహింపవలెను. పిండిపురుగును దోషిగా నిలబెట్టుటకంటె సాక్షిగా విచారించుట మేలు. దానిని చంపి గింజను అట్లే ఉంచినచో, గింజలోపలి ముక్కుపురుగు తన పని తాను చేసికొనిపోవుచునే యుండును.

పిండి డబ్బాలో సంగతి వేరు. అచ్చట పిండిపురుగే యజమాని. ఒక ఆడపురుగు కొన్ని నెలలలో 300 నుండి 400 వరకు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునకు జిగురుండుటచేత పిండి అంటుకొని, అదియు ఒక పిండిరేణువువలెనే కనబడును. జల్లెడగుండ సుఖముగా జారును. పిల్ల పసుపుపచ్చని సన్నని పురుగు, తోకకొనను రెండు చిన్న ముండ్లు ఉండును. వేడిమి అనుకూలించినచో నెలలోపల గ్రుడ్డు పెద్దపురుగగును. ఆ పెద్దపురుగు ఏడాదికి మించియు బ్రతుకగలదు. అన్నియు కలిసివచ్చినచో నెలకు 70 రెట్లు పెరుగగలదని లెక్కగట్టిరి. "మొన్ననే జల్లించితిమి, మరల ఎచ్చటినుండి వచ్చినవి?" అను ఇల్లాలి ప్రశ్నకు సమాధానము జల్లెడ దాటిపోయిన గ్రుడ్డులో ఉన్నది.

ఈ ప్రశ్నకు సమాధానము తెలియకనే కొందరు విసిగి, గోదాములలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను తెచ్చి, గుడ్డలో మూటగట్టి, ఇంటిలోని బస్తాల నడుమ పెట్టుచున్నారు. దీనిని గూర్చి మేము మెత్తగా చెప్పదలచుకొనలేదు. ఆ బిళ్ళకు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువు వెలువడును. అది బస్తాలోనే ఉండదు. తలుపు సందునుండి ప్రక్కగదికి పోవును, నిద్రించుచున్నవారికి తెలియదు. ఇట్టి ప్రమాదములలో మన దేశమున పలుమారులు ప్రాణములు పోయినవి, పసిపిల్లల ప్రాణములును పోయినవి. ఈ విషమునకు విరుగుడు మందు లేదు. ప్రభుత్వ నిబంధనలనుబట్టి ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలును, పురుగుల నివారణకు అనుమతి పొందినవారును నిపుణుల పర్యవేక్షణలోనే వాడవలెను. అంగడిలో చేతికి దొరకుట అనుమతి కాదు. ఇంటిలో ఇదివరకే పెట్టియుండి, ఎవరికైనను తలనొప్పి, వాంతి, ఆయాసము కలిగినచో, అందరును ఆ క్షణమే బయటికి వచ్చి, ఆసుపత్రికి పోయి, బిళ్ళ పెట్టిన సంగతి వైద్యునితో మొదటిమాటగా చెప్పవలెను.

ఇంత ప్రమాదమునకు ఒడిగట్టినను పురుగు చచ్చునని నిశ్చయము లేదు. గాలి చొరని గోదామున తగిన మోతాదులో, తగినన్ని దినములుంచిననే ఆ వాయువు పనిచేయును. అరకొరగా తగిలినచో చావక మిగిలిన పురుగుల సంతతి ఆ విషమునకు ఓర్చుకొనును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1972-73లో జరిపించిన ప్రపంచ పరిశీలనలోనే ఫాస్ఫీనును తట్టుకొను ధాన్యపు పురుగులు బయటపడినవి. తరువాత మన దేశపు గోదాములనుండి తెచ్చిన ఎఱ్ఱపురుగులలోను ఆ గుణము కనుగొనిరి. గోదాము అధికారికి సైతము పురుగు జాతి తెలియవలసిన అవసరము ఇచ్చటనే ఉన్నది.

ఇంటివారికి కావలసినది చాల సులువు. గులాబిరంగు తిరిగి వాసన పట్టిన పిండిని పారవేయుడు, దానికొరకు విచారింపకుడు. పురుగు కొలదిగా కనబడినచో జల్లించి, పిండిని సంచిలో కట్టి, ఫ్రీజరులో సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నాలుగు దినములుంచినచో గ్రుడ్లతో సహా నశించును. ఫ్రీజరు లేనివారు జల్లించిన పిండిని వెంటనే వాడుకొనవలెను; మిగిలినదానిని వారము దినములకు మరల జల్లింపవలెను, ఏలయన ఆ లోపల చాలవరకు గ్రుడ్లు పిల్లలగును. డబ్బా మాట మరువరాదు. అడుగున కుట్టువద్ద, మూత మడతలో చెంచాడు పాతపిండి ఎప్పుడును మిగిలియుండును. క్రొత్తపిండిని దానిమీదనే పోయుట మన యిండ్లలో పాతబడిన అలవాటు. ఆ చెంచాడు పిండియే పురుగునకు విత్తనాలపెట్టె. డబ్బాను గీకి, వేడినీళ్ళతో కడిగి, నడియెండలో ఆరబెట్టి, తడి లేదని తెలిసిన పిమ్మటనే నింపవలెను. వేపాకు వేయుట మంచిదే, క్రొత్తగా వచ్చు పురుగును కొంత దూరము పెట్టును. లోపల పుట్టుచున్నదానిని అది ఆపునని మాత్రము ఆశపడరాదు.

పిండిగిర్నీలో యంత్రపు గొట్టములందు నిన్నటి పిండి కొంత నిలిచియుండుట సహజము. మీ గింజలు శుభ్రముగనే యున్నను, అందలి పురుగు మీ సంచిలోనికి రావచ్చును. గిర్నీవారిని ఊడ్పించుమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. ఒకేమారు రెండునెలలకు ఆడించుకొనుటకంటె పదునైదు దినములకొకమారు ఆడించుకొనుట వానకాలమున లాభము. గింజలను ఎండబోసినప్పుడు దళసరిగా పోయక పలుచగా పరచవలెను. ఎండవేడికి పురుగులు నీడవైపునకు పరుగెత్తును; చాప అంచున వానిని చీపురుతో ప్రోగుచేసి వేడినీళ్ళలో వేయవచ్చును. మక్కజొన్నలు, వడ్లు పంటికింద పటుక్కున విరుగునంత ఆరిననే బస్తాకెత్తవలెను. నూకను, నుసిని చేటతో చెరిగి వేరుచేసినచో పిండిపురుగునకు ఆ బస్తాలో తిండి దొరకదు.

భూతద్దము చూచినను గురుతు నిశ్చయింపలేని పురుగు, ముఖ్యముగా నల్లని పిండిపురుగు, ఎవరికైనను దొరకినచో దానిని నలిపివేయవలదు. చిన్న మందుసీసాలో స్పిరిటు పోసి నాలుగైదు పురుగులను అందులో వేసి, రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు కీటకశాస్త్ర విభాగమువారికి గాని, దగ్గరి వ్యవసాయాధికారికి గాని చూపింపవచ్చును. సీసాలో పెన్సిలుతో వ్రాసిన చీటీ ఒకటి వేయవలెను. సిరా స్పిరిటులో కరగిపోవును. చీటీమీద తేదీ, ఊరు, ఏ ధాన్యములో ఏ పాత్రలో దొరకినది, ఆ ధాన్యము ఇంటి పంటయో, అంగడిలో కొన్నదో, కొన్నచో ఏ ఊరిదో వ్రాయవలెను. చీటీ లేని పురుగును చూచి జాతి చెప్పగలరు గాని, అది సిద్దిపేటకు ఎట్లు వచ్చినదో చెప్పుట ఎవరి తరమును కాదు.